ఢిల్లీ ఫారం, యాదమ్మ బర్రె

నవంబర్ 3, సోమవారం

ఢిల్లీ నుంచి హోం శాఖ వాళ్లు వస్తున్నారు. వచ్చే వారం, మంగళవారం. స్టేషన్ ఎలా నడుస్తోందో చూసి మార్కులు వేస్తారట. ఇన్‌స్పెక్టర్ సారు ఆ ఉత్తరం నిలబడే చదివారు. కూర్చుని మళ్లీ చదివారు. తర్వాత నన్ను పిలిచి ఇంత లావు ఫారం చేతిలో పెట్టారు.

"స్టేషన్ రైటర్‌వి నువ్వే కద కరుణా. నింపు."

పదహారేళ్ల సర్వీసులో నేను రాయని కాగితం లేదనుకున్నాను. ఇది కొత్త.

కానిస్టేబుల్ బషీర్‌కు ఒకటే సందేహం. "జీతమిచ్చేది రాష్ట్రం, బదిలీ చేసేది రాష్ట్రం. ఢిల్లీకి మనతోని ఏం పని సార్?" పోలీసు రాష్ట్రానిదేననీ, చట్టాలూ, కంప్యూటర్లకూ కెమెరాలకూ వచ్చే నిధులూ మాత్రం అక్కడివనీ, ఇచ్చినవాళ్లు చూసిపోతారనీ సారు ఓపిగ్గా చెప్పారు.

"అట్లనా... పెండ్లిచూపులకు వస్తున్నరన్నట్టు."

సారు నవ్వారు. ఎన్నాళ్లయిందో ఆయన నవ్వి.

నవంబర్ 4, మంగళవారం

గోడలకు రంగు. గేటు దగ్గర పూలకుండీలు. నేను ఫారం ముందు.

'ఫిర్యాదు అందిన వెంటనే నమోదు చేస్తారా?' — అవును.

'స్థానిక సంస్థలతో సమన్వయం ఎలా ఉంది?' — బాగుంది.

సిరా ఆరనే లేదు... గౌలిపుర యాదమ్మ వచ్చి నిలబడింది. మా వీధికి పాలు పోసే యాదమ్మ. అరవై దాటిన మనిషి. బర్రె కనబడక రెండు రోజులైందట.

"నిండు చూడిది బిడ్డా. ఒక కొమ్ము కిందికి వంగి ఉంటది. నుదుటి మీద తెల్ల మచ్చ. రాణి అని పిలుస్త. ఎవడో కొట్టేసిండు."

ఫిర్యాదుల పుస్తకం తెరిచాను. సారు లోపలికి పిలిచారు. గొంతు తగ్గించి — "వాళ్లొచ్చి పోయినంక రాద్దాం తియ్యి. ఇప్పుడు కొత్త కేసంటే పెండింగ్‌ల కనబడుతది."

బయటికొచ్చి "రేపు రా పెద్దమ్మా" అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆమె లొల్లి చేయలేదు. చేసినా బాగుండేది. "సరే బిడ్డా" అని కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

నవంబర్ 5, బుధవారం

పొద్దున టీ దగ్గర డేనియల్‌కు చెప్పాను. అఫ్జల్‌గంజ్ రూటు బస్సు డ్యూటీకి టైమవుతున్నా కూర్చుని విన్నాడు మా ఆయన.

"ఫారంల ఏమని రాసినవ్?"

"అవును అని."

"మరి మోసం చేసింది ఢిల్లోళ్లనా, యాదమ్మనా?"

నవ్వుతూనే అన్నాడు. టీ సగంలోనే వదిలేసి స్టేషన్‌కు బయలుదేరాను.

రమ్మన్నాను కదా, యాదమ్మ పదింటికల్లా వచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు. పేరు, గుర్తులు, ఎప్పటినుంచి కనబడలేదు — అంతా రాసి, చదివి వినిపించి, కాపీ చేతిలో పెట్టాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దాచుకుంది.

తర్వాత సారు గదిలోకి వెళ్లాను. "సార్, రాసేసిన."

ఆయన లేచి, రంగు ఇంకా ఆరని గోడను వేలితో తాకి చూశారు.

"మంచిది. ఇగ దొరకబట్టు మరి."

ఆకలి వేసింది. బాక్సున్నర తిన్నాను — నాదీ, బషీర్‌ది సగమూ.

నవంబర్ 6, గురువారం

బషీర్ బండి మీద గౌలిపుర సందులన్నీ. ప్రతి కొట్టంలోకీ తొంగిచూడటం, ప్రతి నుదుటి మీదా తెల్ల మచ్చ వెతకడం. పిల్లలు వెంటపడ్డారు. ఒక పెద్దాయన — "మేడమ్, దొరికితే జీపుల కూసోబెడ్తరా?"

చివరికి గాజుల గోదాం వాళ్ల కెమెరా. అందులో ఆదివారం తెల్లవారుజాము... రాణి! రోడ్డు మధ్యలో ఒక్కతే, చార్మినార్‌కు గాజులు కొనడానికి వెళ్తున్నట్టు తీరిగ్గా నడుస్తోంది. వెనక ఒక వ్యాన్. నలుగురు దిగారు, వాలుగా చెక్క పలక వేశారు, ఎక్కించారు. వ్యాన్ పక్కకు తిరిగింది. దాని మీద పెద్ద అక్షరాలు — మున్సిపాలిటీ.

బషీర్ తల పట్టుకున్నాడు. "అరే! దొంగలు కాదక్కా, సర్కారే!"

నవంబర్ 7, శుక్రవారం

మున్సిపాలిటీ ఆఫీసు మా స్టేషన్‌కు రెండు సందుల అవతల. రోడ్ల మీద తిరిగే పశువుల రిజిస్టర్ శ్రీనివాస్ అనే క్లర్క్ దగ్గర ఉంది. మర్యాదస్తుడు. పేజీలన్నీ తిప్పాడు.

"బర్రె ఏం రాలేదు మేడమ్."

"నల్లగుంటది. ఒక కొమ్ము వంగి..."

"నల్ల ఆవు ఒకటున్నది."

"నుదుటి మీద తెల్ల మచ్చ?"

"ఔ, ఉన్నది."

"అన్నా, అది బర్రె!"

"నాకు తెల్వదా మేడమ్? ఫారంల ఆవు, కుక్క — రెండే గడులున్నయ్. కుక్క అని రాయలేను గద."

అతనితో పోట్లాడదామనే వెళ్లాను. కానీ వారం నుంచి గడులు నింపుతున్న దాన్ని, ఏమని పోట్లాడను? ముందు నేను నవ్వాను, తర్వాత అతను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా.

ఫోన్ నంబర్లు రాసుకున్నాం. ఆరేళ్లుగా ఈ స్టేషన్‌లో ఉన్నాను. ఇన్నాళ్లూ అతని నంబరు నా దగ్గర లేదు.

స్టేషన్ నుంచి ఉత్తరం ఇస్తే రాణిని వదులుతారు. పశువుల షెడ్డు ఊరి చివర. వ్యాన్ ఖాళీగా ఉండేది మంగళవారమే. స్టేషన్ దగ్గర దింపుతారట.

మంగళవారమే... అదే మంగళవారం.

నవంబర్ 8, శనివారం

యాదమ్మకు చెప్పాను. నా చేతులు రెండూ పట్టుకుని ఒక్కటే అడిగింది — "తింటున్నదా?"

నవంబర్ 9, ఆదివారం

చర్చి. పాస్టర్ ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తు లేదు.

నవంబర్ 10, సోమవారం

ఫారంలో రెండు జవాబులు కొట్టేశాను. నమోదు: ఈ మధ్యే ఒకసారి ఒకరోజు ఆలస్యం. సమన్వయం: శుక్రవారం నుంచి మొదలైంది.

సారు చదివారు. "మార్కులు పోతయ్ కరుణా."

"పోనీ సార్."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టివేతల పక్కన సంతకం పెట్టారు.

నవంబర్ 11, మంగళవారం

ఎక్కడినుంచి మొదలుపెట్టను... చేతులు ఇంకా పేడ వాసన!

పదకొండింటికి వచ్చారు. ఒక మేడమ్, ఇద్దరు అధికారులు. మేడమ్ నెమ్మదైన మనిషి, ఖాదీ చీర. లాకప్ చూశారు, కంప్యూటర్ చూశారు. ఫారం తిప్పుతూ నా కొట్టివేతల దగ్గర ఆగారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర వ్యాన్ హారన్.

పలక దించారు. ముందు రాణి దిగింది. దాని వెనక, వణికే కాళ్లతో... ఒక దుడ్డె! నిన్న పొద్దున షెడ్డులోనే ఈనిందట. శ్రీనివాస్ కూడా దిగాడు. "కాన్పయితే ఏ గడిల రాయాల్నో తెల్వలే మేడమ్. అందుకే నేనే ఎంబడి వచ్చిన."

యాదమ్మ గేటు నుంచే పరుగు. ఆ వయసులో ఆ పరుగు! రాణి మెడ పట్టుకుని ఏడుపు, నవ్వు, తిట్లు — అన్నీ ఒకేసారి. "ఎటు పోయినవే? నన్నిడిచి ఎటు పోయినవే?" రాణి ఏమీ పట్టనట్టు మా కొత్త రంగు గోడకు వీపు గీరుకుంటోంది.

మేడమ్ వరండాలోకి వచ్చి ఎవరని అడిగారు. "యే కౌన్ హై?"

యాదమ్మ గర్వంగా — "మేరీ రాణీ హై మేడమ్! ఏక్ గయీ థీ, దో ఆయే!" ఒకటి పోతే రెండొచ్చాయట!

మేడమ్ ఫారం కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి దుడ్డె ముందు గొంతుక్కూర్చున్నారు. అది ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది. కాసేపయ్యాక అక్కడినుంచే నన్ను అడిగారు, హిందీలో — ఆలస్యమైన ఫిర్యాదు ఇదేనా?

"అవును మేడమ్. తప్పు నాదే."

పక్కన సారు గొంతు సవరించుకున్నారు. "కాదు మేడమ్. ఆపమన్నది నేను. ఆమె నా మాట దాటి రాసింది."

అందరి ముందూ అన్నారు. నేను నేల చూశాను. తలెత్తితే ఏడుస్తానని.

మేడమ్ లేచి చాలాసేపు ఏదో రాసుకున్నారు. ఏమిటో కనబడలేదు.

నవంబర్ 12, బుధవారం

యాదమ్మ జున్ను తెచ్చింది. బెల్లం, మిరియాలు, యాలకులు. స్టేషన్ మొత్తం తిన్నాం. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఒకాయనకూ పెట్టాం. ముందు రాసుకున్నాకే పెట్టాం.

దొంగతనం కాదు కాబట్టి, పొరపాటు ఫిర్యాదు కింద కేసు మూసేశాం. రికవరీ లెక్కలోకి రాదు.

బషీర్ ఒప్పుకోడు. "ఒకటి పోయి రెండు దొరికితే గూడ సున్నానా? ఇదేం లెక్క సార్?"

నవంబర్ 17, సోమవారం

మార్కులు రాలేదు. మెయిల్ చూడనట్టు నటిస్తూ సారు గంటకోసారి చూస్తున్నారు. నేనూ అంతే.

నవంబర్ 21, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్. శ్రీనివాస్. మున్సిపాలిటీ తనంతట తాను మాకు ఫోన్ చేయడం ఇదే మొదటిసారి.

"మేడమ్, మీ తాన ఎవలన్న గుర్రం పోయిందని వచ్చిండ్రా?"

"గుర్రమా?"

"తెల్లది. మెడల పూలదండలు, నెత్తిన కుచ్చు. పెండ్లికొడుకుది లెక్కుంది. ఒక్కతే రోడ్డు మీద ఉరుకుతున్నది. పట్టుకున్నం."

బషీర్ పడిపడి నవ్వుతున్నాడు. సారు కూడా గదిలోంచి బయటికి వచ్చారు. పుస్తకం తెరిచి, తేదీ వేసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఇంకా ఎవరూ రాలేదు. దూరంగా, ఏ సందులోనో... బ్యాండు మాత్రం మోగుతోంది.