కొత్త నల్లరంగు కింద

అన్నయ్యకు,

నువ్విచ్చిన మోటార్‌హోమ్ చేరింది. లోపలి మంచాలూ పొయ్యీ చూసి పిల్లలు సంబరపడ్డారు. కానీ "బండి కిందంతా నేను చూపించేశాను, మళ్ళీ ఎవరికీ చూపించకు" అని నువ్వు రెండుసార్లు అనడం నాకు మింగుడుపడలేదు. కొండదారి ఎక్కేముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను.

బ్రేకు పైపులు, నీళ్ళ ట్యాంకు పట్టీలు బాగానే ఉన్నాయన్నాడు. తర్వాత, కొత్తగా పూసిన నల్లరంగును ఒకచోట స్క్రూడ్రైవరుతో గీకి, నన్నూ బండి కింది గుంతలోకి దిగి చూడమన్నాడు. బండి మొత్తాన్ని మోసే ఛాసిస్ అక్కడ వంగి, పగిలి, వెల్డింగుతో అతికించి ఉంది.

"తుప్పయితే ఇలా వంగదమ్మా. దేన్నో గట్టిగా గుద్దింది. ఎవరో కావాలనే రంగేసి కప్పెట్టారు," అన్నాడు.

ప్రమాదమేదీ జరగలేదని నువ్వు నాతో అన్నావు. పోయినేడు వదిన మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుందనీ నువ్వే చెప్పావు. నిన్న వదినకి ఫోన్ చేసి, "నువ్వు పడింది మెట్ల మీంచేనా, వదినా?" అని మాత్రం అడిగాను. వదిన మెల్లగా, "నీకెవరు చెప్పారు?" అంది.

ఛాసిస్ బాగయ్యేదాకా పిల్లల్ని ఆ బండి ఎక్కించను. దాని సంగతి మెకానిక్ చూసుకుంటాడు. ఆ రోజు ఏం జరిగిందో మాత్రం నువ్వే రాయాలి.

నీ చెల్లెలు