రంగు తిరిగిన వెండి నీళ్లు

2004 జులై 5
రంగు తిరిగింది! హార్బరు బురదలోంచి నేను తీసి పెంచిన బ్యాక్టీరియా. వెండి లవణం కలిపిన నీళ్లలో వేసి వెళ్లాను. పొద్దున చూస్తే టీ డికాషన్ రంగు. బ్యాక్టీరియా వెయ్యని ఫ్లాస్కు తేటగానే ఉంది. అంటే లోపల వెండి నలుసులు పుట్టాయి... కంటికి ఆననంత సన్నవి. లక్ష్మి నన్ను పట్టుకుని గెంతింది. ఒకే బెంచి మీద పని చేస్తున్నాం, ఒకే క్యారేజీ తింటున్నాం. "ఒలే, నీకు డాక్టరేటొచ్చీసినట్టేనే!"

జులై 6
గైడు సారుకి చూపించాను. "బయట ఎవరికీ చెప్పకు" అన్నారు. చెప్పను.

ఆగస్టు 2
అమ్మకి మలేరియా. చేపల గంప మూలన పడి ఉంది. లేబ్‌కి వెళ్లడం కుదరదు. "నాను సూసుకుంటాన్లే, నువ్వు అమ్మని సూడు" — లక్ష్మి. ఎంత ధైర్యమో ఆ మాట.

ఆగస్టు 23
ఇవాళ వెళ్లాను. నోటీసు బోర్డులో సెమినారు కాగితం. బురద బ్యాక్టీరియాతో వెండి నానో కణాలు. సారు పేరు. లక్ష్మి పేరు. మళ్లీ చదివాను. మళ్లీ.
"సార్ రాయమన్నారే... నానేటి సెయ్యను?" లక్ష్మి నా మొహం చూడలేదు.
సారేమో — "నువ్వు సెలవులో ఉన్నావు కదమ్మా. వచ్చే పేపర్లో చూద్దాం." కూర్చోమని కూడా అనలేదు.

ఆగస్టు 24
బ్యాక్టీరియా ఉన్న ట్యూబు ఒకటి చేతిరుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను. లక్ష్మి చూసింది. దొంగతనమా? నాదే కదా.

ఆగస్టు 30
సెమినారు. వెనక వరసలో కూర్చున్నాను. తెర మీద ఫోటో — ఫ్లాస్కు పట్టుకున్న చెయ్యి నాది. నా మట్టిగాజులు. లక్ష్మి "మేము కనుగొన్నాం" అంటోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టాను?

సెప్టెంబరు 9
లక్ష్మి ఇంటికొచ్చింది. లేబ్‌లో ట్యూబులన్నిటికీ బూజు పట్టిందట. ఒక్కటీ బతకలేదు. సోమవారం హైదరాబాదు నుంచి పెద్ద సైంటిస్టులు వస్తున్నారు, రంగు తిరగడం కళ్లారా చూస్తారట. "నీ కాడొకటుంది కదే... ఇయ్యవా?" ఏడ్చింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.
అమ్మకి ఏమీ తెలియదు. లక్ష్మికి అన్నం పెట్టింది, వంజరం ముక్కలు ఏరి వేసింది. "పాపం, ఆ గుంట ఏడస్తంది. ఏటి కావాల్నో ఇచ్చీయే."
లక్ష్మి వెళ్లాక ట్యూబు తీసి చూశాను, బతికే ఉంది.

సెప్టెంబరు 12, ఆదివారం
లేబ్‌లో ఒక్కదాన్నే, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. నిన్న నా ట్యూబంతా తెచ్చి పోసిన ఫ్లాస్కు చిక్కగా రంగు తిరిగింది. ఎవరి కోసం వేశానో అడిగితే చెప్పలేను.
కింద స్కూటరు ఆగింది. సారు గొంతు. వెనకే లక్ష్మి నవ్వు... నవ్వుతోంది!
మెట్లెక్కుతున్నారు. ఫ్లాస్కుని సింకు గట్టు మీద పెట్టాను. మూత తీశాను. ఇంకా వంపలేదు—