కిరాయి బుర్ర

మంగళవారం, మాఘమాసం.

నా బామ్మర్ది రాజలింగం ఇరవై ఏండ్లసంది ప్రతి పెండ్లిల ఒక్కటే కథ చెప్తడు. ధర్మపురి గోదావరిల నేను మునుగుతుంటే జుట్టు పట్టి గుంజిండట. పదిమంది నవ్వుతరు. నీళ్లల్ల తేలెతందుకు నేను నడుముకు కట్టుకున్న ఎండు సొరకాయ బుర్ర రేవుల కిరాయికి తెచ్చింది. దానికి పగులుండె, లోపలికి నీళ్లు చొచ్చినయి. గా ముచ్చట మాత్రం చెప్పడు.

వచ్చే వారం ఇద్దరు మనుమరాండ్లను తీసుకొని మళ్ల ధర్మపురి పోతున్నం. హుస్నాబాద్ అంగడిల రెండు మంచి బుర్రలు కొంటనన్న. రాజలింగం పొద్దున నవ్విండు.

"ఒక్కనాటి తానానికి కొనుడెందుకు బావా? రేవుల కిరాయికి దొరుకుతయి. నా బండిల మనుషులకే జాగ లేదు."

"ఒళ్లె పెట్టుకొని కూసుంట" అన్న.

"నీకింకా గోదారి భయం పోలే" అన్నడు. నా ఇంటిది సుత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

భయమే అనుకో. ఎవ్వలకు చెప్పని మాట ఇక్కడ రాస్తున్న. బుర్రను కట్టుకునే ముందు నీళ్లల్ల అదిమిపట్టి, బుడగలొస్తయా చూడాలె. గిది మా ఊరి పోరలకు సుత ఎరుకే. నాడు రేవుల జనం చూస్తున్నరు. భయపడ్డట్టు కనబడొద్దని నేను చూడకుంటనే దిగిన. చిన్న మనుమరాలు సుత నా లెక్కనే మొండిది. ఆగమంటే ఆగదు, దుంకుతది...

అంగడి శుక్రవారం. రేపు మొకం మీదనే అడుగుత: రాజలింగం, బేస్తారం పొద్దుగూకేలోపల నాకు జవాబు కావాలె. నీ బండిల నా బుర్రలకు జాగ ఇస్తవా, లేకుంటే గా కిరాయి బుర్ర కట్టుకొని పిల్లలకంటె ముందు నువ్వు దిగుతవా?