బూరపూల లెక్క

ఏప్రిల్ 9

తమ్ముడిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాను. నాలుగు నెలలు అక్కడున్నాడు.

వాడు లిఫ్ట్ మెకానిక్. వాడి డ్యూటీలోనే తోటి మెకానిక్ షాఫ్ట్‌లో పడి చనిపోయాడు. వీడి తప్పేమీ లేదని ఎంక్వైరీలో తేలింది. వీడి మనసులో మాత్రం తేలలేదు. డిసెంబర్‌లో చావబోయి బతికాడు.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, ఏదో ఒక పని అప్పగించండి, అంతేగానీ పోలీసులా కాపలా కాయకండి అన్నాడు. సరేనని తలూపాను. ఇంటికి రాగానే కత్తులు, మాత్రలు, ఫినాయిల్ అన్నీ నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఏప్రిల్ 23

మొక్కలమ్మే ఆవిడ దగ్గర ఒక కర్ర కొనుక్కొచ్చాడు. ఆకు లేదు, వేరు లేదు. ఇదేంట్రా అంటే, బూరపూల చెట్టక్కా, పూలు తలకిందులుగా వేలాడతాయట అన్నాడు. దానికి చలి పడదట. ఈ చలిదేశంలో బయట మంచు పట్టిందంటే ఒక్క రాత్రికే పోతుందట. అంత అల్పప్రాణాన్ని మనమేం సాకుతాంరా అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు వినకపోయి ఉంటే బాగుండు.

మే 28

కర్ర చిగురించింది. వాడు ఆరింటికే లేస్తున్నాడు.

జులై 15

చెట్టు నా భుజం దాకా వచ్చింది. పెద్ద కుండీలోకి మార్చాడు. రెండు పూటలా నీళ్ళు, వారానికోసారి ఎరువు. ఆదివారమంతా పెరట్లో కూర్చుని, ఎర్రనల్లి పట్టిందని ఒక్కో ఆకునూ సబ్బు నీళ్ళతో తుడిచాడు. నాకంటే దానికే మర్యాదలు ఎక్కువగా ఉన్నాయే అన్నాను. నువ్వు పూస్తావా ఏంటి అన్నాడు.

ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

సెప్టెంబర్ 3

పూసింది. పదకొండు పూలు. ఒక్కోటి జానెడు పైనే ఉంది, లేత పసుపు. సాయంత్రానికి పెరడంతా వాసన. వాడు కుర్చీ వేసుకుని, పెళ్ళికూతురి తండ్రిలా కూర్చున్నాడు.

పక్కింటి ఫార్మసిస్ట్ గోడ మీంచి తొంగిచూసి, ఎంత బాగుందోనండీ అంది. వాడు లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించింది. ఇది ఉమ్మెత్త జాతే, పువ్వూ ఆకూ గింజా అంతా విషమే, మీ ఇంట్లో చిన్నపిల్లలు లేరు కాబట్టి ఫర్వాలేదులెండి అంది.

చిన్నపిల్లలు లేరు. తమ్ముడున్నాడు.

వాడికి చెప్పలేదు. చెబితే నేనే నేర్పినట్టవుతుంది.

సెప్టెంబర్ 4

పదకొండు.

సెప్టెంబర్ 19

నిన్న సాయంత్రం పద్నాలుగు. ఈ పొద్దున పదమూడు.

వాడు స్నానానికి వెళ్ళగానే గదిలో దూరాను. చొక్కా జేబులు చూశాను. దిండు కింద చూశాను. చెత్తబుట్ట నేల మీద బోర్లించి చేత్తో కెలికాను. చివరికి పువ్వు కుండీ వెనక దొరికింది. దానంతటదే రాలి, వాడిపోయి ఉంది.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి గంట లేటు. కంగారులో ఒకాయన ఫ్రేమ్‌కి ఎడమ అద్దం కుడివైపు బిగించాను. పెట్టుకోగానే నేల ఏటవాలుగా ఉందన్నాడాయన. ఓనర్ అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. పడ్డాను. ఏమని చెప్పుకోను?

అక్టోబర్ 27

చలి మొదలయింది. చెట్టుని తన గదిలో పెట్టుకుంటానన్నాడు. కిటికీ దగ్గరున్న మంచం పక్కకు జరిపి చోటు కూడా చేశాడు. ఇంట్లో ఇంకెక్కడా వెలుతురు లేదు, నిజమే.

వద్దన్నాను. మట్టి, పురుగులు, ఆ వాసనకి నాకు తలనొప్పి. నోటికొచ్చిన సాకులన్నీ చెప్పాను. వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. వాదిస్తాడనుకున్నాను. సరేలే అక్కా అన్నాడు. మంచం మళ్ళీ కిటికీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది.

నవంబర్ 2, సాయంత్రం 6

రాత్రికి మైనస్ మూడు అని రేడియోలో చెప్పారు. వాడు పెరట్లో చెట్టుకి రెండు దుప్పట్లు చుట్టి, పైన తన కోటు కప్పి, తాడుతో కడుతున్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్క మాట చాలు, లోపలికి తెచ్చెయ్యరా అంటే చాలు.

ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. ఈ చలికి అది చచ్చిపోతే నా పీడ విరగడవుతుందనుకున్నాను.

నవంబర్ 3

చచ్చిపోయింది. ఆకులన్నీ ఉడికినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. పూలు తడిసిన కాగితంలా కొమ్మలకి అంటుకుపోయాయి. అయ్యో అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

వాడు గ్లవ్స్ వేసుకుని ఒక్కో ఆకూ తుంచి సంచిలో వేశాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు.

నవంబర్ 4

భోజనం దగ్గర తల ఎత్తకుండా చెప్పాడు. విషమని నాకు మొదటిరోజే తెలుసక్కా, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని ఆ మొక్కలావిడే చెప్పింది, ఆరు నెలలు దాంతోనే ఉన్నాను కదా అన్నాడు.



నువ్వు రోజూ పొద్దున్నే పూలు లెక్కపెట్టడం నా కిటికీలోంచి కనిపించేది అన్నాడు.

ఎప్పుడైనా తగ్గాయా అక్కా అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నవంబర్ 9

పన్నెండైనా లేవడం లేదు.

నవంబర్ 15

పొద్దున్నే స్నానం చేసి, బ్యాగ్ సర్దుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ఆలోచనలు మళ్ళీ మొదలయ్యాయక్కా, నన్ను ఆస్పత్రిలో దింపు అన్నాడు. ఎప్పటినుంచిరా అంటే, వారం నుంచి అన్నాడు.

ఎవరూ అడగలేదు, ఎవరూ కనిపెట్టలేదు. తనంతట తనే వచ్చి చెప్పాడు. ఆ వారమంతా నేను బీరువా తాళంచెవి నడుముకి దోపుకుని తిరిగాను.

కారులో, తప్పయిపోయిందిరా అనాలని నోటిదాకా వచ్చింది. సీట్ బెల్ట్ పెట్టుకో అన్నాను.

నవంబర్ 16

కుండీని వాడి గదిలోకి లాగాను. ముప్పావు గంట పట్టింది. ఇద్దరమైతే ఐదు నిమిషాల పని. వేరు బతికి ఉండొచ్చని ఫార్మసిస్ట్ అంది, కాండం మొదలు దగ్గర గోటితో గీరితే తెలుస్తుందట. పచ్చగా ఉంటే ఉన్నట్టు.

గీరలేదు. ధైర్యం చాలలేదు.

నవంబర్ 23

ఆదివారం. విజిటింగ్ టైమ్ నాలుగు నుంచి ఐదు. ఈ రోజు అక్కని చూడాలని లేదన్నాడని నర్స్ వచ్చి చెప్పింది. మళ్ళీ వారం రండి అంది. ఐదయ్యేదాకా వరండాలో బెంచీ మీదే కూర్చున్నాను.