ఖాసింబీ పెంకుల మీది కొమ్మ

బోధన్,
20 మే 1966

ప్రియమైన గంగమణి అక్కయ్యకు,

సుబ్బరత్నం నమస్కరించి రాసేది. మేమంతా క్షేమం. మూడేళ్ళ కిందట మీరు మా చేతిలో పెట్టి వెళ్ళిన ఇల్లు కూడా బాగానే ఉంది. బాగా లేనిదల్లా పెరట్లో మీ ఆకాశమల్లె చెట్టు.

మొన్న సోమవారం సాయంత్రం పెద్ద గాలిదుమారం వచ్చింది. గోడవైపు కొమ్మ ఫెళ్ళున విరిగి పక్కింటి ఖాసింబీ పెంకుల మీద పడింది. రోజూ ఆ చూరు కిందే కదా ఆమె కూర్చుని బీడీలు చుట్టేది. గాలికి ఆకు ఎగిరిపోతోందని అప్పుడే చాట పట్టుకుని లోపలికి వెళ్ళిందట. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ఆమె మాత్రం నవ్వేసింది. "పరేషాన్ గాకు బిడ్డా, నాకింకా నూకలున్నయ్" అంది. మా వారు చెరకు పని మానుకుని రెండు రోజులు దగ్గరుండి పెంకులు మార్పించారు.

ఇప్పుడు చిక్కేమిటంటే, మొండెం మీద ఒకే చోటు నుంచి లేచిన నాలుగు కొమ్మల్లో ఒకటి పోయింది, మూడు మిగిలాయి. అందులో ఇంకొకటి కూడా ఆ పెంకుల వైపే వంగి ఉంది. మా వారు చెట్టును మొదలంటా తీసేద్దామంటారు. ఖాసింబీ ఆ కొమ్మ ఒక్కటీ కొట్టించి మిగతాది ఉంచమంటుంది, ఆమెకు నీడ కావాలి. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మీ చేత్తో నాటిన చెట్టు, మీరే చెప్పాలి. మీ తమ్ముడు పోశయ్య దాని తల నరికించినప్పటి నుంచి అది ఇలాగే పట్టు లేకుండా పెరుగుతోంది. ఆ మాట మళ్ళీ ఎత్తినందుకు ఏమీ అనుకోకండి.

మీ ఒంట్లో ఎలా ఉంది? వచ్చి చూడాలనే ఉంది. చెరకు పని ఒక కొలిక్కి రాగానే తప్పకుండా వస్తాను.

మీ చెల్లెలులాంటి
సుబ్బరత్నం


డిచ్‌పల్లి దవాఖాన,
28 మే 1966

ప్రియమైన చెల్లె సుబ్బరత్నానికి,

అక్షరాలు వంకరగా ఉంటే కళ్ళు నొప్పి పెట్టుకోకు. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు, కలానికి గుడ్డ చుట్టి రాస్తున్నాను. బడిలో అంతమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పిన చెయ్యి ఇది. ఇప్పుడు ఇక్కడి డాక్టరమ్మ దానికి గిన్నె పట్టుకోవడం నేర్పింది.

చెట్టును తీసేయకు. ఇక్కడి తోటమాలిని అడిగాను. తల నరికిన చోట మళ్ళీ వచ్చే కొమ్మలు లోపలి నుంచి రావట, పైపై బెరడుకే అంటుకుని ఉంటాయట. బరువు పెరిగిందా, ఊడిపోతాయి. పెంకుల వైపుదాన్ని తీయించి, మిగిలిన రెండింటినీ సగానికి కురచ చేయించు. కొట్టేటప్పుడు ముందు కిందివైపు కొంచెం గంటు పెట్టాలి, లేకపోతే బెరడు చీలుకుంటూ కిందికి వస్తుంది.

పోశయ్య సంగతి రాశావు. నువ్వు ఎత్తకపోయినా నేను మరిచేది లేదు. ఖాసింబీ కూతురు బిల్కిస్ ఇటు వచ్చినప్పుడు చెట్టుకు తల లేదని చెబితే నిన్ను అడిగాను, నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు. తరువాత వాడు వచ్చినప్పుడు మొహం మీదే అడిగాను, "నా చెట్టును ఏం జేసినవ్‌రా" అని. తల దించుకున్నాడు. ఒక్క మాట రాలేదు. అక్కకు ఈ పెద్దరోగం, కుష్ఠు, వచ్చిందని అక్క పెట్టిన చెట్టును కూడా ఓర్వలేనివాడు నాకేం తమ్ముడు? ఆ తరువాత నాలుగుసార్లు వచ్చాడట, నేను గేటు దాకా పోలేదు. మొన్న నువ్వుల ముద్దలు పంపితే తిప్పి పంపాను.

ఒక మంచి మాట. మూడుసార్లు పరీక్ష చేశారు, మూడుసార్లూ రోగం లేదని తేలింది. జులైలో ఇంటికి పంపుతామంటున్నారు. తీసుకుపోయేవాళ్ళు ఎవరైనా వచ్చి సంతకం పెట్టాలట.

నువ్వు వస్తానని రాయడం ఇది పదకొండోసారి. లెక్కపెట్టాను, ఇక్కడ వేరే పనేముంది.

ఎదురుచూసే
గంగమణి


బోధన్,
14 జూన్ 1966

ప్రియమైన అక్కయ్యకు,

మీరు ఇంటికి వస్తున్నారన్న మాట చదివి ఖాసింబీకి చెబితే ఆమె బీడీల చాట పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తింది. మాకు చాలా సంతోషంగా ఉంది.

మీరు చెప్పినట్టే చేయించాను. ఆత్మారాం అని కట్టెలు కోసే ఆయన వచ్చాడు. పెంకుల వైపు కొమ్మ తీసేశాడు, మిగిలినవి కురచ చేశాడు. దిగేముందు మొండెం మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. "గిది ఎవరు గోసిండ్రమ్మా? మెడకాడ గిట్ల గోస్తే మల్ల వచ్చే కొమ్మ నిలవది. మునగచెట్టు అనుకున్నరా ఏంది?" అన్నాడు. నేను అతనికి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను. మిగిలిన రెండు కొమ్మలూ ఎన్నాళ్ళుంటాయో తను చెప్పలేనన్నాడు.

పోశయ్య వచ్చాడు. మీరు తిప్పి పంపిన నువ్వుల ముద్దలు మా పిల్లలకు ఇచ్చి వెళ్ళాడు. పిల్లలు నా నోట్లో ఒకటి పెట్టారు. సగం తీసి పక్కన పెట్టేశానక్కయ్యా. అతన్ని క్షమించండి. మీకున్నది ఒక్క తమ్ముడు. సంతకానికి అతన్నే రమ్మనండి. ఎందుకని నన్ను అడగకండి, నా మాట మీద ఇదొక్కటి చేయండి.

నేనే వచ్చేదాన్ని, పిల్లవాడికి జ్వరం.

మీ
సుబ్బరత్నం


డిచ్‌పల్లి దవాఖాన,
4 జులై 1966

చెల్లె సుబ్బరత్నానికి,

వాడి తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోకు. నీ మంచితనం నాకు తెలుసు, అది నా దగ్గర పనిచేయదు.

ఇరవై రెండో తారీఖు శుక్రవారం నాకు సెలవిస్తారు. నాకెవరూ లేరని ఆఫీసులో రాసిచ్చాను. అట్లాంటివాళ్ళు ఇక్కడే ఉండి కుట్టుగదిలో పని చేసుకోవచ్చునట. అదే మేలనిపిస్తోంది. నా వాళ్ళు నన్ను చూసి దూరం జరుగుతుంటే చూడటం కన్నా, ఇక్కడ అందరం ఒకటే.

ఇల్లు నువ్వే ఉంచుకో. చెట్టును ఉంచితే ఉంచు, తీస్తే తియ్యి. ఇంక నన్ను అడగకు.

గంగమణి


బోధన్,
8 జులై 1966

ప్రియమైన అక్కయ్యకు,

ఈ ఉత్తరం చదివాక పైన 'అక్కయ్య' అన్న మాట రాసే హక్కు నాకు ఉండదు. అందుకే ఇప్పుడే రాసుకున్నాను.

చెట్టు తల నరికించింది పోశయ్య కాదు. నేను.

మీరు వెళ్ళిన మొదటి ఆషాఢం. రాలిన పువ్వు దేవుడికి పెట్టకూడదని మా అత్తగారి పట్టింపు. మీ చెట్టు పూలన్నీ రాలినవే, రాలనివి తాటిచెట్టంత ఎత్తున ఉండేవి. మా ఊళ్ళో కాపు అయిపోగానే మునగను మెడ దాకా కోసేస్తాం. మళ్ళీ గుబురుగా వస్తుంది, కాయ చేతికి అందుతుంది. ఇదీ అలాగే వస్తుంది, పువ్వు అందుతుంది, మీరు వచ్చి చూసి మెచ్చుకుంటారు అనుకున్నాను. రంపం తెప్పించి కూలివాడితో కోయించాను. ఖాసింబీ ఆ వారం బిల్కిస్ పురిటికి వెళ్ళింది, చూడలేదు.

మీరు ఉత్తరం రాసి అడిగిన రోజు రెండుసార్లు జవాబు రాసి చించేశాను. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళమని మాకు నాలుగు ఇళ్ళల్లో కాదన్నారు. మీరొక్కరే తాళం చేతిలో పెట్టారు. నిజం చెబితే ఖాళీ చేయమంటారని భయపడి పోశయ్య పేరు రాశాను. ఒక్క వాక్యమే కదా, అక్కాతమ్ముళ్ళు రెండు రోజులు అలిగి కలిసిపోతారు అనుకున్నాను. మీరు అతన్ని గేటు దగ్గర నుంచి వెనక్కి పంపిన ప్రతిసారీ అతను తిన్నగా మా గుమ్మానికే వచ్చి "అక్క బాగున్నదట" అని చెప్పి వెళ్ళేవాడు. నేను మజ్జిగ ఇచ్చి పంపేదాన్ని. ఇచ్చిన మజ్జిగ తాగి పోయేవాడు. మూడేళ్ళు ఇలా చేశాను.

ఇంకొకటి. నేను రాకపోవడానికి చెరకు పనీ కాదు, పిల్లవాడి జ్వరమూ కాదు. రోగమంటే భయం. మీ ఉత్తరాలు కూడా ఎండలో పెట్టి చదివేదాన్ని. చాలా సిగ్గుగా ఉంది.

ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తాం, మా వారికి అంతా చెప్పేశాను. పోశయ్యతో వచ్చి మీ ఇంట్లో మీరు ఉండండి. నా మీద కోపంతో అక్కడ ఉండిపోకండి.

తప్పు చేసిన
సుబ్బరత్నం


డిచ్‌పల్లి దవాఖాన,
16 జులై 1966

ప్రియమైన సుబ్బరత్నానికి,

'అక్కయ్య' అన్న మాట రాసే హక్కు ఎవరికి ఉందో నేను చెబుతాను, నువ్వు తేల్చకు.

నీ ఉత్తరం చదివిన రోజే పోశయ్యకు కార్డు రాసి పిలిపించాను. గేటు దాకా పోయాను. వాడికి నెత్తి సగం తెల్లబడింది, నేనది చూడనే లేదు. "చెట్టు నువ్వు నరకకపోతే ఆ రోజు నోరెందుకు ఎత్తలేదురా" అని అడిగాను.

"చెట్టు నేను ముట్టలే అక్కా" అన్నాడు. "గని నువ్వు దవాఖానకు పోయిన నాడే, సుబ్బరత్నం వాళ్ళు ఇంట్ల దిగకముందే, నీ మంచం, బొంతలు, బట్టలు అన్నీ కాలవ గట్టుకు తీసుకపోయి కాలబెట్టిన. కుట్టుమిషన్ కాలదు గద, నీళ్ళల్ల పారేసిన. ఇంట్ల ఉంటే వాడల పిల్లలకు అంటుకుంటదని అందరు భయపెట్టిండ్రు. నువ్వు చెట్టు గురించి అడిగినవ్. గా సంగతే నీకు ఎర్కయిందనుకున్న. ఏం మొహం పెట్టుకొని కాదంట?"

అందుకని నాకిప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. వాడు చేయనిది నువ్వు రాశావు. వాడు చేసింది అంతకన్నా పెద్దది. నీ అబద్ధం దీంతో చెల్లిపోయిందనుకోకు. మూడేళ్ళు నాకు తమ్ముడు లేకుండా చేశావు. నా మీద కూడా నాకు కోపమే. తల దించుకున్నవాణ్ణి రెండోమాట అడగలేదు.

చెట్టును తీసేయించు, మొదలంటా. నేను దాన్ని ఉంచమన్నది ప్రేమ కొద్దీ అనుకున్నాను. కాదు. ఊరికి వచ్చిన రోజు వాణ్ణి పెరట్లో నిలబెట్టి చూపించాలని ఉంచమన్నాను. అందుకోసం ఖాసింబీ నెత్తి మీద కొమ్మను వేలాడదీశాను. ఆమెకు నీడ కోసం తాటాకు పందిరి వేయించు.

ఇల్లు ఖాళీ చేయకు. శుక్రవారం నువ్వు రా. పోశయ్య వస్తానన్నాడు, వద్దన్నాను. సంతకం నువ్వు పెట్టాలి. నిజామాబాద్ దాకా ఒక బస్సు, అక్కడ మారి బోధన్ దాకా ఇంకో బస్సు. రెండు బస్సుల్లోనూ నా పక్క సీట్లోనే కూర్చోవాలి. మధ్యలో సంచి పెట్టకూడదు. బస్సులో ఎవరైనా నా చేతివేళ్ళు చూసి లేచిపోతే నువ్వు లేవకూడదు. భయమేస్తే వేయనీ. నాకూ భయంగానే ఉంది.

పదకొండు గంటల దాకా గేటు దగ్గర కూర్చుంటాను. నువ్వు కనిపించకపోతే లోపలికి పోయి కుట్టుగదిలో నా పేరు రాయించుకుంటాను. అప్పుడు ఉత్తరం కూడా రాయకు.

నీ అక్క
గంగమణి