కమల ఎనిమిదో తరగతి

1966 జూన్ 9, గురువారం

బి.ఏ. పాసయ్యాను. థర్డ్ క్లాస్. పాసయితే చాలు, క్లాసు ఎవడు అడుగుతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. అడుగుతారని తెలుసు.

బాపు మా మెట్‌పల్లి సాలెవాడ మొత్తం బెల్లం పంచాడు. అంబదాస్ కొడుకు బీయే అయిండట అనుకుంటూ జనం వచ్చి నా మొహం చూసి పోయారు. చూడడానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు.

ఈ వాడలో పదేళ్లు వచ్చిన ప్రతి పిల్లవాడూ మగ్గం గుంటలో కాళ్లు దించుతాడు. నేను దించలేదు. నాకు ఆరేళ్లప్పుడు బాపు కొండగట్టు అంజన్నకు మొక్కాడు, నా కొడుకు సదువుకుంటడు, గుంటల కాలు పెట్టడు అని. ఆ మాట మీద పదహారేళ్లు నిలబడ్డాడు. పేక పోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆడుకోవడానికి చేత్తో పట్టుకున్నా కసిరేవాడు. అందుకని ఇరవై రెండేళ్లకు నాకు 1857 తిరుగుబాటు కారణాలు తెలుసు, తెగిన పోగుకు ముడి వేయడం తెలియదు.

రేపటి నుంచి అప్లికేషన్లు పెట్టాలి.

జూన్ 21

కమల ఏడో తరగతి పాసైంది. బడి మొత్తానికి మొదటి నంబరు. దీనికి బెల్లం పంచలేదు. అవ్వ మాత్రం దాని తల మీద చెయ్యి పెట్టి, మంచిగైంది బిడ్డా అని, మళ్లీ నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది.

నా చెల్లెలికి పన్నెండేళ్లు. నా కాలేజీ పుస్తకాలన్నీ తీసి చదువుతుంది. ఇవాళ నా ఎకనామిక్స్ నోట్సులో ఒక లెక్క తప్పని చూపించింది. నిజంగానే తప్పు. ఒకపక్క ముచ్చటేసింది, ఒకపక్క ఒళ్లు మండింది.

ఎనిమిదిలో చేరాలట. సాలెవాడ ఆడపిల్ల ఇంతవరకు ఒక్కతీ హైస్కూలు గడప తొక్కలేదు. గందుకే నేను పోత అన్నా, మొదలు నేనే పోత, అంది. సరే అన్నాను.

జూలై 2

బాపు దగ్గుతూ దగ్గుతూ, నేస్తున్న తెల్ల పంచె మీదే రక్తం కక్కాడు. అవ్వ ఎంత రుద్దినా మరక పోలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయట. మళ్లీ మగ్గం మీద కూర్చుంటే తన బాధ్యత లేదన్నాడు. నేను బీయే అని తెలిసి ఇదంతా ఇంగ్లీషులో చెప్పాడు. దారిలో బాపు, ఏమన్నడు కొడుకా, ఏమన్నడు అని అడుగుతూనే ఉన్నాడు. జర రెస్ట్ తీసుకోమన్నడు అన్నాను. నా ఇంగ్లీషు మా ఇంటికి అక్కరకొచ్చింది ఈ ఒక్కసారే.

జూలై 4

మగ్గం చప్పుడు లేకుండా మా ఇంట్లో తెల్లారడం ఇదే మొదటిసారి.

జూలై 6, మధ్యాహ్నం

నేతపనివాళ్ల సొసైటీ మనిషి వచ్చాడు. ఆడని మగ్గానికి నూలు ఇవ్వరట. పదిహేను రోజులు ఆగితే మగ్గం నంబరే కొట్టేస్తారట. అంబదాసన్న మంచోడే గని నేనేం చెయ్యాలె అని గొణుగుతూ పోయాడు.

అతను వాకిలి దాటగానే నేను గుంటలోకి దిగాను. వద్దు బిడ్డా, అంజన్నకు మొక్కిన మొక్కు అని అవ్వ మొత్తుకుంది. బాపు మంచం మీద లేవబోయి లేవలేకపోయాడు. నాడె విసిరాను. రెండుసార్లు పోయింది. మూడోసారి పడుగు మధ్యలో ఇరుక్కుంది, నేను బలంగా లాగాను, పోగులు పటపటా తెగాయి. నలభైకి తక్కువ ఉండవు. ఒక్కోటి పట్టుకుని ముడి వేస్తే ఒక్కోటీ జారింది. చెమటలు పట్టాయి.

జర జరుగన్నా, అంది కమల. నేను పైకి వచ్చాను, అది దిగింది. తెగిన పోగులన్నీ వరుసగా ఏరి ముడులు వేసింది. దానికి ఎవరూ నేర్పలేదు, కండెలు అందిస్తూ చూసి నేర్చుకుందట. తర్వాత నాడె విసిరింది. ఆగకుండా విసిరింది. బాపు కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

అవ్వ ఈసారి వద్దనలేదు. కమల కోసం ఎవరూ ఏ దేవుడికీ మొక్కలేదు కదా.

జూలై 9

ఒక దారి దొరికింది. రెండిళ్ల అవతలి హనుమంతుకు సొంత మగ్గం లేదు. మన మగ్గం పాలుకు నేస్తానని వచ్చాడు, సగం తనకి, సగం మనకి. అవ్వ బీడీలు చుడతానంది. నాకు ఉద్యోగం వచ్చేదాకా ఇల్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది, కమల బడికి పోతుంది. ఆలోచించి రెండొద్దులల్ల చెప్త అన్నాడు బాపు.

కమల అప్పుడే నా పాత నోట్సుల్లో రాయని కాగితాలు చింపి పుస్తకం కుట్టుకుంది.

జూలై 11, సాయంత్రం

కరీంనగర్‌లో ఇంటర్వ్యూ. రెండు క్లర్కు పోస్టులు, నూటయాభై మందిమి. పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టి, లోపలికి పిలిచి నన్ను అడిగింది ఒకే ఒక్క మాట, థర్డ్ క్లాసా అని. అవునన్నాను. వెళ్లమన్నారు. నా పక్కన నిలబడ్డవాడి మామే లోపల అడిగేవాళ్లలో ఒకడని బస్టాండులో తెలిసింది. దారి పొడుగునా బస్సులో నిలబడే వచ్చాను.

కాళ్లు కడుక్కోకముందే బాపు పిలిచాడు. హనుమంతు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. బాపు నన్ను అడిగింది ఇది: నాకు సదువు గురించి తెల్వది కొడుకా. నువ్వు కాలేజి చూసినోనివి. సదువు కోసం ఇంట్ల గింత కష్టం పెట్టుకోవచ్చునా? పెట్టుకోవచ్చంటె మగ్గం గీయనకిస్త, పిల్ల సదువుకుంటది. వద్దంటె వద్దు. నీ మాటే ఆఖరు.

కమల తలుపు పక్కన నిలబడి నవ్వుతోంది. నేను ఏమంటానో దానికి తెలుసు. తెలుసనుకుంది.

దండుగ బాపూ, అన్నాను. నన్ను సూస్తలేవా, అన్నాను. ఆడపిల్లకైతె ఇంకింత దండుగ, అన్నాను.

ఆ చివరి మాట నన్ను ఎవరు అనమన్నారు? ఇంటర్వ్యూ కోపం అని రాసుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ పుస్తకంలో కూడా అబద్ధమెందుకు? అది వేసిన ముడులు జారలేదు. అందుకూ అన్నాను. హనుమంతు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

జూలై 12

నేను లేచేసరికే కమల గుంటలో కూర్చుని నాడె విసురుతోంది.

ఆగస్టు 3

దాని కాళ్లు తొక్కుడు కర్రలకు అందడం లేదు. బాపు కర్రలకు చెక్క ముక్కలు కట్టి ఎత్తు చేశాడు. ఇప్పుడు అందుతున్నాయి. మొన్న సొసైటీ మనిషి వచ్చి, పంచె వేళ్లతో తడిమి చూసి, తండ్రి చెయ్యే వచ్చింది అని మెచ్చుకున్నాడు. బాపు తల వంచుకున్నాడు.

హైస్కూల్లో అడ్మిషన్లు అయిపోయాయి. దాని పాత మాస్టారు బజార్లో ఎదురై, కమలను ఇంకా చేర్పించలేదేం, మరచిపోయారా అని అడిగాడు. బాపుకు బాగాలేదన్నాను. అది నిజమే. సగం నిజం. ఇంకేం అడుగుతాడో అని పక్క సందులోకి తిరిగాను.

నా పుస్తకాలన్నీ దుమ్ము దులిపి నా పెట్టెలో సర్దేసింది. తను కుట్టుకున్న పుస్తకం కనిపించలేదు.

ఆగస్టు 22

ఆర్డర్ వచ్చింది. ఆదిలాబాద్ జిల్లాలో టీచర్ ఉద్యోగం, టెంపరరీ. ఎప్పుడో పెట్టిన అప్లికేషన్. అటు ఎవరూ పోరట, అందుకని ట్రెయినింగ్ లేకపోయినా బీయే చాలట.

బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. సూసినవా, సదువు ఉత్తగ పోతదా, అంజన్న ఉన్నడు అన్నాడు. అవ్వ ఏడ్చింది. కమల నాడె ఆపి, ఎన్నడు పోతవన్నా అని అడిగింది. చెప్పాను. మళ్లీ నాడె విసిరింది.

అప్పుడే చెప్పాల్సింది. బాపూ, నేనన్నది తప్పు, పిల్లను ఎట్లనన్న బడికి తోలు అని. మొదటి జీతం రానీ, చేతిలో పైసలు పెట్టుకుని చెప్దాం అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఏదో ఒక తారీఖు దొరుకుతుంది. ఎల్లుండి బస్సుకు బయల్దేరాలి.

సెప్టెంబర్ 18, ఉట్నూరు దగ్గర

బడి అంటే ఒక రేకుల కొట్టం. హాజరు పదకొండు మంది, అందరూ మగపిల్లలే. ఆడపిల్లల పేర్లు ఎక్కాల్సిందే అని ఇన్‌స్పెక్టర్ రాశాడు. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

ఇవాళ గంగుబాయి అనే ముసలామె దగ్గరికి వెళ్లాను. ఆమె మాటల్లో సగం మరాఠీ. మనుమరాలిని బడికి పంపమన్నాను. చదువుకుంటే ఏమవుతుందో చెప్పాను. చాలా బాగా చెప్పాను, నా గొంతు నాకే నచ్చింది. అంతా విని, బరోబర్ సారూ, మరి నీకు చెల్లె ఉన్నదా, శాళకు పోతదా అని అడిగింది.

పోతుంది, ఎనిమిదో తరగతి, అన్నాను.

సెప్టెంబర్ 20

గంగుబాయి మనుమరాలు వచ్చింది. నున్నగా తల దువ్వి పంపింది. పేరు రాసుకున్నాను.

అక్టోబర్ 8

మొదటి జీతం. మనియార్డర్ బాపు పేరు మీద పంపలేదు, కమల పేరు మీద పంపాను. పోస్ట్‌మాన్ దాని చేతికే ఇవ్వాలి. కూపన్ మీద ఉన్న కాస్త జాగాలో రాశాను: కమలా, ఆ రోజు నేనన్నది తప్పు. మగ్గం హనుమంతుకు ఇమ్మని బాపుకు వేరే ఉత్తరం రాశాను. హెడ్‌మాస్టర్‌ను బతిమాలి ఎనిమిదిలో చేరు. ఫీజు నేను కడతాను. మీ అన్న లక్ష్మీరాజం.

'తప్పు' అని రాయడానికి మూడు ఫారాలు పాడు చేశాను. పోస్టాఫీసులో గుమాస్తా విసుక్కున్నాడు. విసుక్కోనీ. చాలా రోజులకు ఇవాళ అన్నం సహించింది.

అక్టోబర్ 27

మనియార్డర్ రసీదు తిరిగి వచ్చింది. డబ్బు ముట్టింది.

సంతకం చోట చిన్న వేలిముద్ర. పక్కన పోస్ట్‌మాన్ చేతిరాత: తనకు చదువు రాదని అమ్మాయి చెప్పినందున.