రెండు కంప్యూటర్లకు ఒకటే తొమ్మిది

నాచారం,
14-9-2012

చిరంజీవి తమ్ముడు సత్తయ్యకు అన్న పోశయ్య దీవించి రాసేది. నేను కింద బాగనే ఉన్న, మీరు పైన బాగుండాలె. నడుమ మెట్లే ఉన్నయి గని నీ గడప నేను ఎక్క, గందుకే ఈ కాయితం. రాత తప్పులుంటే సంతోషితోని సదివిచ్చుకో.

ఆదివారం ఖాళీ జేసి ఉప్పల్‌ల కిరాయికి పోతున్నరని మా పిలగాడు దుర్గేష్ జెప్పిండు. నెట్ మాటిమాటికి ఆగవట్టి నీ బిడ్డ సంతోషికి ఇంట్ల కూసోని జేసే కంప్యూటర్ పని ఊడేటట్టున్నదట. నేనే వైరు పీకుతున్ననని గల్లీల అంటున్నవట. వైరు నేను ముట్టలే. పీకేదుంటే నీ ముంగటనే పీకుత.

రిపేరు జేసే పవన్‌కుమార్‌కు సూపెట్టిన. మన రెండిండ్లకు కలిపి మా ఇంట్ల పెట్టిన నెట్ డబ్బా మంచిగనే ఉన్నదట. ఒక్కో కంప్యూటర్‌కు అదే ఒక్కో నంబరు ఇస్తదట, ఇంటి నంబరు లెక్క. మనోళ్లు ఇయ్యనిస్తే గద! దుర్గేష్ తన చేతితోని ఆ నంబరు చివర్ల తొమ్మిది పెట్టుకున్నడు. పైన నువ్వూ సంతోషితోని తొమ్మిదే పెట్టిపిచ్చినవు. రెండిండ్లకు ఒకటే నంబరుంటే పోస్టుమాన్ ఏ తలుపు కొడ్తడు? కిందిది నడిస్తే పైది ఆగుతది.

నిన్ను తిడుదామంటే నోరు రాలే. నాయిన సైకిల్ బిళ్ల నంబరు కాడికెల్లి నీ ఆటో నంబరు దాక మనకు తొమ్మిదే గద అచ్చొచ్చింది.

నీ వదిన పోయినంక ఇంట్ల సప్పుడు లేదు. దుర్గేష్ చర్లపల్లి కంపెనీకి పొద్దుగాల పోతే చీకటికొస్తడు. పగలంత నేను, గోడలు. నెట్ పోయినప్పుడల్ల నువ్వు ధనధన దిగొచ్చి, ముసలోడా నీ కండ్లు సల్లబడ్డయా అని ఒర్రుతవు. ఆటో అమ్మి సొంతంగ నెట్ పెట్టిచ్చుకోరా అని నేనంట. గా రోజు జర అన్నం లోపటికి పోతది నాకు.

పోతే పో. నేను బతిమాలెటోన్ని గాదు. సామాను దించేటోళ్లను మెట్ల గోడ గీరకుంట దించమను.

నీ అన్న,
పోశయ్య

ఇంకో మాట: పవన్‌కుమార్ ఈ సంగతి జెప్పింది నిన్న గాదు, బోనాలప్పుడు. నంబరు మారుస్తనంటే నేనే వద్దన్న. దుర్గేష్ అటు పోంగనే ఆ కంప్యూటర్ బటన్ ఒత్తి చాలు జేసేది నేనే. నాకు దాంతోని పనేంది? నెట్ ఆగితే నువ్వు దిగొస్తవు. లేకుంటే ఎందుకొస్తవు? ఇయ్యాల పిలిచి మార్పిచ్చిన. మాది పది. తొమ్మిది మీరే ఉంచుకోన్రి. సంతోషి పని ఇగ ఆగదు.

నువ్వు ఊకెనే దిగిరా.